కీ లాగిన వాచీ

బ్రాడ్‌వేలో మెట్ల కింద మూడడుగుల కొట్టు.
చెంగల్రాయుడు కంటికి అద్దం బిగించుకుని
వాచీ కంటే ముందు నా మణికట్టు చూస్తాడు.
"ఏందమ్మా, ఏడాదికొక సెల్లు?
వాచీ కట్టుకున్నావా, చంటిబిడ్డకి పాలు పోస్తున్నావా?"

నర్సుని. సూళ్లూరుపేట లోకల్లో వచ్చి
సెంట్రల్లో దిగి నడుస్తాను.
పదిహేను సెకన్లు నాడి పట్టి నాలుగుతో గుణించడం
నా బతుకుతెరువు.
సెకన్ల ముల్లు లేకపోతే నా వేళ్లు గుడ్డివి.

ప్లాస్టిక్ పట్టకారుతో ఎత్తి చూపించాడు,
చొక్కా బొత్తామంత, వెండి రంగు.
"వేలితో ముట్టుకోవద్దు. చెమటలో ఉప్పు
పైనుంచి కిందికి దారి వేస్తుంది,
ఆ దారినే ఉన్నదంతా కారిపోతుంది.
ఫ్రిజ్జులో దాస్తామంటారు కొందరు,
చెమ్మ పట్టిన సెల్లు దేనికి?
లోపల నూనె ఎండితే చక్రాలు ఈడ్చుకుంటూ తిరుగుతాయి,
ఈడ్చేవాడికి కూలి ఎక్కువ గదా.
ఇంకొకటి. పెట్టుకోని పూట
ఈ కీ బయటికి లాగు. ముల్లు నిలబడుతుంది.
నిలబడ్డవాడికి ఆకలి తక్కువ."

ఆ మాట నన్ను పట్టుకుంది.
తిరుగు రైలెక్కగానే లాగేదాన్ని.
ఎన్నూరు బూడిద, పొన్నేరి చేలు, తడ, మా ఊరు
అన్నీ ఒకే నిమిషంలో.
బియ్యం కడిగితే ఆ నిమిషమే,
నిద్రపోయి లేస్తే ఆ నిమిషమే.
ఏడాది సెల్లు రెండేళ్లకి వచ్చింది.
నలభై రూపాయలు మిగిలాయని
ఎవరికి చెప్పానో గుర్తులేదు, చెప్పుకున్నాను.
తర్వాత ఆ లోభం డ్యూటీలోకీ వచ్చింది.
రౌండు ముగించి బల్ల దగ్గర కూర్చుంటే లాగడం,
లేస్తే గోడ గడియారం చూసి నొక్కడం.

ఆ రాత్రి పదకొండో మంచం.
కూతురు పరిగెత్తుకొచ్చి పిలిచింది.
చెయ్యి పట్టాను. ముల్లు చూశాను.
నాడి కదల్లేదు. ముల్లూ కదల్లేదు.
రెంటిలో ఏది ఆగిందో తెలియని
ఆ కాసేపు ఎంతసేపో
కొలిచేందుకు నా దగ్గర ఏమీ లేదు.

డాక్టరు వచ్చాడు. మెడ మీద వేళ్లు, కళ్లలోకి లైటు.
"టైము?" అన్నాడు.
అలవాటుగా చేతికేసి చూసి చెప్పాను,
చెప్పిందే రాశాను: ఒంటిగంటా పది.

"ఒంటిగంటన్నరకి నీళ్లడిగాడు సిస్టర్,"
అంది తాయారు, అరవం కలిసిన తెలుగులో.
"రెండు చెంచాలు మింగాడు.
మరి నేను ఎవరికి పోసినట్టు?"

ఎర్రపెన్నుతో కొట్టేశాను. మూడూ అయిదు.
పక్కన నా పొడి సంతకం.
ఆమె ఆ అంకెలు ఆరేదాకా చూసి
వాళ్ల నాన్న దుప్పటి సర్దింది.

"సొరుగులో వాచీకి చెప్పాను,
చేతికున్నదానికి చెప్పానా?" అన్నాడు చెంగల్రాయుడు.
తిట్టలేదు. టీ తెప్పించాడు.
అద్దం తీస్తే కంటి చుట్టూ గుండ్రటి నొక్కు.
"సెల్లు అయిపోవస్తే అదే చెబుతుందమ్మా.
సెకనుకొక అడుగు వెయ్యడం మానేసి
నాలుగింటికొక గంతు వేస్తుంది.
టైము తప్పదు. నడకే మారుద్ది."

నిన్న మింజూరు దాటాక చూశాను.
ముల్లు నిలబడి, నిలబడి, గంతేసింది.
పక్కసీటు ముసలామెను అడిగి చెయ్యి పట్టుకున్నాను.
గంతుకీ గంతుకీ మధ్య
ఆవిడ నాడి అయిదుసార్లు కొట్టుకుంది.
"ఏమైనా ఉందా అమ్మా?" బెదిరిపోయింది.
"మీకేం లేదు. నా వాచీకే."
కీ లోపలే ఉంది.